ఐదు మూరల పొగగొట్టం

దసరా ముందు రోజు బండికి దండ కొందామని పాతబస్తీలో మా పాత సందు దగ్గర ఆగాను. పూలమ్మే ఆమె బంతిపూల దండను మోచేతి నుంచి వేలి కొస దాకా రెండుసార్లు సాగదీసి, రెండు మూరలు అంది. నా ప్రమేయం లేకుండానే నోట్లోంచి వచ్చేసింది.

"ఎవరి మూర?"

ఆమె నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "మూరల గూడ నీది నాది ఉంటదా బాబూ? కొలిచింది నేనే గద," అంది. వెనక ఆటోవాడు ఆగకుండా హారన్ కొడుతున్నాడు. వాడికి మూరతో పని లేదు, నా బండి పక్కకు జరిగితే చాలు. దండ సంచిలో పడేసుకుని బయల్దేరాను కాని, నాలుగడుగుల తర్వాత మళ్ళీ ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాను. కాలు కుదురుగా నిలవదు, బండి కదలదు. ఇలాంటప్పుడే పాత సంగతులు వచ్చి వెనక సీట్లో కూర్చుంటాయి.

మాది పూల ఇల్లు. సందు చివరి గుడికి పొద్దుటి దండలు మా ఇంటి నుంచే వెళ్ళేవి, మిగిలినవి వాకిట్లో అరుగు మీద అమ్మేవాళ్ళం. మా ఇంట్లో అందరి వేళ్ళూ బంతిపూల పసుపుతో ఉండేవి. మా ఇంటికి వస్తే పూల వాసన వస్తుందని బడిలో పిల్లలు అనుకునేవాళ్ళు. నిజానికి వచ్చేది తడిసిన గోనెసంచి వాసన. దవనం, మరువం దాని మీద కొంచెం మర్యాద కోసం చల్లినట్టుండేవి.

ఇంట్లో అందరూ గంప చుట్టూ కూర్చుని దండలు కట్టేవాళ్ళు, నేను తప్ప. పదేళ్ళు వచ్చినా నేను గంప దగ్గర పది పూలు కూడా కుదురుగా కట్టలేదు. లేచి గుమ్మం దాకా వెళ్ళి, వచ్చి, నీళ్ళు తాగి, మళ్ళీ గుమ్మం దాకా వెళ్ళేవాణ్ణి. నా కింద ముల్లుందని నాయనమ్మ అనుమానం. ఒకసారి నిజంగానే చాప ఎత్తి చూసింది.

మూర అనేది మా ఇంట్లో చాలా పెద్ద విషయం. మా బాపు చేతులు పొడుగు. ఆయన అరుగు మీద కూర్చుంటే ఇల్లు గుల్లవుతుందని నాయనమ్మ ఆయన్ని గుడి పనికి తోలేది. నాయనమ్మ చేతులు పొట్టి. బేరానికి వచ్చినవాళ్ళు ఆమెను చూడగానే మీ కొడుకు లేడా అని అడిగేవాళ్ళు. ఒక్కో మనిషికి ఒక్కో మూర ఉంటుందని లోకంలో మాకు తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు. అంత తెలిసీ మా తాత, ఆయన అన్న ఒక పొగగొట్టం పొడవు మీద మాటలు మానుకున్నారు.

ఆ సంగతి ఇదీ. తాత చిన్నప్పుడు ఒక నవాబుగారికి మీరాలం చెరువులో స్టీమర్ ఉండేదట. చిన్నదే, ఆవిరితో నడిచేది. దాని ఇంజన్ నడిపే మనిషి ఒక దసరాకు ఇంజన్‌కు పూజ చేస్తానంటే, నవాబుగారు నవ్వి సరే అన్నారట. దండలు మా ఇంటికి చెప్పారు. తాతల నాయన పడవ అంచు పొడవునా పన్నెండు మూరల దండ తనే కట్టి, పొగగొట్టం మీదినుంచి కిందికి వేలాడే రెండు దండలు మాత్రం ఇద్దరు కొడుకులకు అప్పజెప్పాడు. చెరో పక్క ఒకటి. ఆ తర్వాత పిల్లలిద్దర్నీ స్టీమర్ ఎక్కించి చెరువులో ఒక చుట్టు తిప్పారు. గంట మోగిందట. నవాబుగారి ఎర్ర దిండు కుర్చీ కూడా చూశారట. తాత ఈ కథ చెప్పినప్పుడల్లా ఆ కుర్చీ దగ్గర ఆగి, దిండును చేత్తో నిమిరినట్టు గాలిని నిమిరేవాడు.

పేచీ అంతా ఆ దండల దగ్గరే. పొగగొట్టం ఐదు మూరలు అంటాడు తాత. నాలుగే అంటాడు మలక్‌పేటలో ఉండే పెద్దతాత. ఎవరి దండ వాళ్ళు కట్టారు, ఎవరిది వాళ్ళకు గుర్తుంది. ఒక పెళ్ళి బంతిలో, కొత్త వియ్యాలవారి ముందు, వీనికి చిన్నప్పటి సంది పెంచి చెప్పుడు అలవాటే అన్నాడట పెద్దతాత. తాత విస్తరి ముందు నుంచి లేచి వచ్చేశాడు. బగారన్నం మధ్యలో లేచాడంటే ఎంత మండి ఉంటుందో మా ఇంట్లో వాళ్ళకే తెలుసు.

అప్పటినుంచి తాత దసరాకు మలక్‌పేట వెళ్ళలేదు. మా దగ్గర దసరా సాయంత్రం జమ్మి ఆకు తెచ్చి, బంగారమని చెప్పి, పెద్దల చేతిలో పెట్టి కాళ్ళు మొక్కాలి. తమ్ముడు పెట్టాల్సిన జమ్మిని మా బాపు పెట్టి వచ్చేవాడు. నాకు పదేళ్ళున్న ఏడు బతుకమ్మ మొదలైన రోజున పెద్దతాత కబురు పంపాడు. ఈసారి తమ్ముడే రావాలె, లేకుంటే మీ ఇంటి నుంచి ఇంకెవ్వరూ రావద్దు, ఇక ముందు గూడ రావద్దు అని.

తాత కబురు విని, చేతిలో ఉన్న చామంతి రేకులన్నీ ఒక్కొక్కటే పీకేశాడు. చివరికి అన్నాడు:

"నేను పోత. గని ఐదు మూరలని అన్న ఒప్పుకోవాలె. అబద్ధాలకోరు లెక్క పొయ్యి కాళ్ళు మొక్కను."

నాయనమ్మ ఆయన వైపు చూడలేదు. ఆ చామంతి గుడికి పొయ్యేది, ఇప్పుడు దేవునికేం పెడ్తవు, నీ మూర పెడ్తవా అంది.

నాకు ఏ పనీ లేదు, కాళ్ళు ఊరుకోవు. ఆ స్టీమర్ చేసి చూపిస్తే పెద్దతాత నోరు మూతపడుతుంది కదా అన్నాను. అదే తీరుగా, అదే లెక్కలో, చిన్నగా. నిజానికి నాకు ఎవరి నోరూ మూయించాలని లేదు. పడవ చేయాలని ఉంది. తాత నావైపు చాలాసేపు చూశాడు. గంప దగ్గర నిమిషం కూర్చోని వాడు పడవ చేస్తానంటే నమ్మాల్సిన పరిస్థితి ఆయనది.

పక్క సందులో నా దోస్తు ఉండేవాడు. వాళ్ళ నాన్నకు ఇనప సందూకులు చేసే కార్ఖానా ఉంది. అక్కడ రేకు ముక్కలు, కత్తెర, టంకం పెట్టే సామాను అన్నీ దొరికేవి. దోస్తుకు టంకం పెట్టడం వచ్చు, కాకపోతే పెట్టిన చోట కాకుండా పక్కన అతుక్కునేది. వాళ్ళ అమ్మీ చాయ్‌లోకి బిస్కెట్లు ఇచ్చేది. సగం పడవ ఆ బిస్కెట్ల మీదే నడిచింది.

కొలత తాత ఖరారు చేశాడు. అసలు పడవలో ఒక మూరకు మా పడవలో రెండు వేళ్ళు. వేళ్ళు తాతవే. అంచు పన్నెండు మూరలంటే ఇరవైనాలుగు వేళ్ళ పడవ, ఐదు మూరల పొగగొట్టమంటే పది వేళ్ళ గొట్టం. తాత రేకు మీద చేయి ఆనించి పెడితే దోస్తు మేకుతో గీత గీసేవాడు. పాత నూనె డబ్బా కోసి, చదును చేసి, పడవ ఆకారంలో వంచాం. పాత పూలగంప వెదురు బద్దలు తీసి లోపల పక్కటెముకల్లా బిగించాం. కారే చోట మైనం పూశాం. కారని చోట కూడా పూశాం, ఎందుకైనా మంచిదని.

ఇంజన్‌కు ఫ్రిజ్‌లు బాగుచేసే దుకాణం ముందు పడేసిన సన్న రాగి గొట్టం దొరికింది. దాన్ని మధ్యలో పెన్ను చుట్టూ చుట్టి, రెండు కొసలూ పడవ వెనక నీళ్ళలోకి దించాం. గొట్టం నిండా నీళ్ళు పోసి, చుట్ట కింద మంట పెడితే లోపల ఆవిరి పుట్టి నీళ్ళను వెనక్కి తంతుంది, పడవ ముందుకు పోతుంది. తిరణాల్లో అమ్మే రేకు పడవల సూత్రమే. మాది పెద్దది కనుక దాన్ని ఇంజన్ అన్నాం.

మంటకు నూనె వత్తి చాలలేదు. కర్పూరమైతే బాగా మండుతుంది, కాని కర్పూరం దేవుడిది. నాయనమ్మ ఒప్పుకోలేదు. నేను ఆమె చుట్టూ తిరిగాను, తిరగడం నాకు కష్టం కాదు. తల తిరిగి చివరికి ఆమే ఒక దారి కనిపెట్టింది. ముందు పడవకు హారతి ఇస్తుంది. ఇచ్చాక ఆ కర్పూరం పడవ లోపలే వెలిగితే అది పూజ కిందికే వస్తుంది. ఆ లెక్కన ప్రపంచంలో హారతితో నడిచే స్టీమర్ మాదొక్కటే.

టంకం ఆరేదాకా ఆగడమే నాకు గండం. ఆరిందా అని ముట్టుకుని చూసేవాణ్ణి. నా వేళ్ళు బంతిపూల పసుపు పోయి ఎర్రబడ్డాయి. తాత గంప వదిలేసి మా పక్కనే కూర్చుని, కళ్ళు మూసుకుని, గంట ఇక్కడుండె, కుర్చీ గీ పక్కకుండె అని చెబుతుంటే, మేము అవన్నీ రేకుతో కత్తిరించి అతికించేవాళ్ళం. కుర్చీ దిండుకు మా చెల్లె పాత గాజుల డబ్బాలోని ఎర్ర వెల్వెట్ ముక్క పెట్టాం. తాత దాన్ని వేలితో ఒకసారి నిమిరాడు.

పూలు తడిపే పెద్ద గంగాళంలో పడవ దించాం. ఇంటిల్లిపాదీ చుట్టూ నిలబడ్డారు. పడవ ఒక్క క్షణం నిటారుగా నిలిచింది. ఆ తర్వాత పక్కవాడి చెవిలో ఏదో చెప్పబోయినట్టు వంగి, పొగగొట్టం నీళ్ళకు తగిలేదాకా పడుకుంది.

"మీ తాత పడవకు నిద్రొస్తుంది భాయ్," అన్నాడు దోస్తు.

నిలబెట్టాం, మళ్ళీ పడుకుంది. అడుగున బరువుకు నాయనమ్మ తూకం రాళ్ళు పెట్టాం. ఈసారి పడుకోలేదు. నిటారుగా, మర్యాదగా, మునిగిపోయింది. దాని మీదికి గంగాళంలోని రెండు బంతిపూలు తేలుకుంటూ వచ్చాయి. వినాయకుణ్ణి పంపి ఎన్నాళ్ళో కాలేదు, మా సందులో అది రెండో నిమజ్జనం.

పొగగొట్టం పొడుగెక్కువైందని అందరికీ తెలుస్తూనే ఉంది. ఎవరూ అనలేదు. ఐదు మూరలంటే ఐదు మూరలే. మర్నాడు తాత గుడికి వెళ్ళినప్పుడు దోస్తు కత్తెర తెచ్చాడు. నాలుగు మూరల లెక్కకు, అంటే ఎనిమిది వేళ్ళకు కోసి చూద్దామన్నాడు. పెద్దతాత లెక్క అది. కోశాం. నీళ్ళలో పెట్టాం. కొంచెం ఆలస్యంగా పడుకుంది, అంతే తేడా.

అప్పుడే తాత వచ్చాడు. కోసేసిన రేకు ముక్క చేతిలోకి తీసుకుని చూశాడు. తిడతాడనుకుని నేను అప్పటికే సగం గుమ్మం దాటాను. ఆయన తిట్టలేదు.

"నాలుగు గూడ నిలవడ్తలేదా?"

లేదన్నాను. అన్న ఓడిపోయాడు కదా, సంతోషించాలి. ఆయన ముఖం చూస్తే సంతోషం లేదు. అరుగు మీద కూర్చుండిపోయాడు.

"గట్లైతే ఇద్దరివీ అబద్ధాలే. అసలు ఆ స్టీమర్ ఉండెనా లేదా?" అని నాయనమ్మను అడిగాడు.

"నన్నడిగితే ఏం జెప్పాలె? అప్పటికి నేను పుట్టనే లేదు," అంది ఆమె. కాని చేతిలో దండ ఆపి, ఆయన వైపు చూస్తూనే ఉంది.

ఆ రోజు నుంచి తాత స్టీమర్ మాట ఎత్తలేదు. ఎర్ర దిండు కుర్చీ కథ కూడా చెప్పలేదు. గంప దగ్గర కూర్చుని ముడి మీద ముడి బిగించేవాడు. దండలు కర్రల్లా తయారయ్యేవి. ఇంట్లో నాకు తప్ప ఇంకొకరికి కుదురు లేకుండా పోవడం అదే మొదలు. దసరాకు మలక్‌పేట ఎవరు పోతారని ఎవరూ అడగడం లేదు.

సద్దుల బతుకమ్మ రోజు. వాకిలంతా తంగేడు, గునుగు పూల కట్టలు. నాయనమ్మ ఒక చేత్తో రొట్టె, బెల్లం కలిపి మలీద ముద్దలు చేస్తూ ఇంకో చేత్తో బేరం చేస్తోంది. ఒంటి మీద జాగా దొరికితే మూడో చెయ్యి కూడా పెట్టేది. రద్దీ ఎక్కువై చివరికి మా చెల్లెను అరుగు మీద కూర్చోబెట్టింది. చెల్లెకు ఐదేళ్ళు. అది చాలా గంభీరంగా, నాయనమ్మలాగే పెదవి బిగించి, దండలు కొలిచి ఇచ్చింది.

కాసేపటికి ఒకామె దండ పట్టుకుని తిరిగొచ్చింది. రెండు మూరలు ఇచ్చారట, దేవుని పటానికి ఒక పక్కకే సరిపోయిందట, పండుగ పూట గిట్ల మోసం జేస్తరా అని లొల్లి.

నాయనమ్మ మలీద చేతులు కడుక్కోకుండానే అంది: "మోసం గాదు తల్లీ. పిల్ల కొలిచింది, పిల్ల మూర అది. కూసో, ఇంకో మూర ఇస్త."

నేను ఎప్పటిలా గుమ్మానికీ గంగాళానికీ మధ్య తిరుగుతున్నాను. ఆగిపోయాను. నాయనమ్మ భయపడి నా నుదురు పట్టుకుని చూసిందంటే, ఎంత గట్టిగా ఆగానో అర్థం చేసుకోండి.

తాత దగ్గరికి వెళ్ళాను. "తాతా, ఆ ఐదు మూరలు ఎవరు కొలిచిండ్రు?"

"నేనే. ఇంకెవరు కొలుస్తరు?"

"ఏ చేత్తోటి?"

ఆయన విసుగ్గా కుడి చెయ్యి చాపాడు. "ఏ చెయ్యేందిరా, గీ చెయ్యే." చాపిన చేతిని చూసుకున్నాడు. మచ్చలు, తేలిన నరాలు, వేళ్ళ నిండా పసుపు. అది చిన్నప్పుడు కూడా ఇంతే ఉందని ఆయన లోలోపల ఇన్నేళ్ళూ నమ్ముతూ వచ్చాడు. మెల్లగా తల తిప్పి అరుగు మీద చెల్లె చేతిని చూశాడు. చెల్లె ఇంకో దండ కొలుస్తోంది. ఎవరికీ కాదు, ఊరికే.

"నాకు గంతే ఉండె," అన్నాడు. "అన్నకు నీ అంత."

చెల్లె చేతితో ఐదు మూరలు కొలిచి చూశాం. తాత చేతికి అవి మూడు మూరల మీద కొంచెం. పన్నెండు మూరల అంచు దండ తాతల నాయన కొలిచింది, పెద్దవాడి చెయ్యి. పొగగొట్టం కొలిచింది మాత్రం పిల్లలు. మేము రెండింటికీ ఒకే వేళ్ళు వాడేశాం. ఆ లెక్కకు పొగగొట్టం మళ్ళీ కోశాం. పడవ గంగాళంలో నిలబడింది. తాత దాన్ని వేలితో తోశాడు. ఊగి, మళ్ళీ నిలబడింది. ఇంకోసారి తోశాడు.

"చాలు తీయ్ తాతా, మళ్ళా పండుకుంటది," అన్నాడు దోస్తు.

దసరా సాయంత్రం ఆటోలో మలక్‌పేట వెళ్ళాం. తాత రుమాలులో జమ్మి ఆకు, నా ఒళ్ళో పడవ, పక్కన చెల్లె. చెల్లె సాక్ష్యం. పట్టు లంగా కట్టుకుంది కాని, దారి పొడవునా నిద్రపోయింది. తాత రుమాలు విప్పి చూస్తాడు, మళ్ళీ మూట కడతాడు. రేస్‌కోర్స్ దగ్గర ఆటో ఆగితే, ఒప్పుకోకపోతే ఏంది అన్నాడు. నన్ను కాదు, ఆటోవాణ్ణి. ఆటోవాడు మీటర్ చూసుకున్నాడు.

పెద్దతాత వరండాలో కుర్చీలో ఉన్నాడు. తమ్ముణ్ణి చూసి లేవబోయి, గుర్తొచ్చి, కూర్చున్నాడు. మంచినీళ్ళు వచ్చాయి. తాత జమ్మి తీయలేదు. ముందు నన్ను దండలు తీయమన్నాడు.

రెండు దండలు. ఒకటి చెల్లె కొలిచింది, ఐదు మూరలు. రెండోది నేను కొలిచింది, నాలుగు మూరలు. కట్టింది కూడా నేనే. పుట్టి బుద్ధెరిగాక నేను కదలకుండా కూర్చుని కట్టిన మొదటి దండ అది. ముడులు చూస్తే ఎవరూ ఆ మాట నమ్మరు. వరండా గోడకు క్యాలెండర్ తగిలించిన మేకుంది. క్యాలెండర్ తీసి రెండు దండలనూ అదే మేకుకు వేలాడేశాను.

రెండూ పక్కపక్కన దిగి, ఒకేచోట ఆగాయి.

పెద్దతాతకు తాతే చెప్పాడు, ఇది పిల్లవి ఐదు, ఇది పిలగానివి నాలుగు అని. ఇద్దరూ పూలవాళ్ళే, ఇంక చెప్పాల్సింది లేదు. పెద్దతాత లేచి వచ్చాడు. దండల కింది కొసలను అరచేతిలో పెట్టుకుని పోల్చాడు.

"నాది వేలెడు తక్కువున్నది," అన్నాడు.

"వీడు ముడులు గుంజి ఏసిండు," అన్నాడు తాత.

అప్పటిదాకా నిద్రలోనే ఉన్న చెల్లె లేచింది. ఎవరు గెలిచారని అడిగింది. పెద్దతాత దాని చెయ్యి పట్టుకుని, మోచేతి నుంచి వేలి కొస దాకా చూశాడు. తన బొటనవేలితో మెల్లగా ఒకసారి కొలిచాడు.

"నీ చెయ్యి గింత చిన్నగుంటుండెనా తమ్మీ?"

తాత రుమాలు విప్పబోయాడు. ముడి రాలేదు. దారిలో అన్నిసార్లు విప్పి కట్టిన ముడి, అప్పుడు మాత్రం రాలేదు. నేనే విప్పి ఇచ్చాను. ఆయన జమ్మి అన్న చేతిలో పెట్టి వంగాడు. పెద్దతాత వంగనివ్వలేదు. ఇద్దరూ కావలించుకుని అలాగే నిలబడ్డారు. నేను అటూ ఇటూ తిరగడానికి వరండా మరీ చిన్నది.

తర్వాత బాత్‌రూం టబ్‌లో పడవ దించాం. కర్పూరం వెలిగించాను. కాసేపు ఏమీ కాలేదు. అందరూ నావైపు చూశారు, నేను పడవవైపు చూశాను. ఆ తర్వాత పుట్ పుట్ పుట్ మని కదిలింది. కర్పూరం పొగ నల్లగా గొట్టంలోంచి పైకి వచ్చింది. మేము అనుకోనిది అదొక్కటే, అసలైంది అదొక్కటే. ఇద్దరు ముసలివాళ్ళూ టబ్ అంచు పట్టుకుని వంగి చూశారు. పెద్దతాత చూపుడువేలితో ఎర్ర దిండును చూపించాడు. గిదే, అన్నాడు. తాత తలూపాడు. పడవ టబ్ రెండో కొస దాకా వెళ్ళి, గోడకు కొట్టుకుని, అక్కడే పుట్‌పుట్‌మంటూ నిలబడింది. కర్పూరం అయిపోయింది.

ఇన్నేళ్ళు పట్టుకున్న తగవు తీరిపోయాక ఇద్దరికీ ఏం మాట్లాడుకోవాలో తోచనట్టుంది. గారెలు తిన్నారు. చాయ్ తాగారు. పెద్దతాత కప్పు కింద పెట్టి అన్నాడు:

"కుడి పక్క దండ నాది."

తాత తలెత్తాడు. "నీదెట్లయితది? నీది ఎడమ."

తిరుగు ఆటోలో తాత దారంతా మాట్లాడుతూనే ఉన్నాడు. కుడి ఎట్లయితది, నేను గంట పక్కకు నిలబడితి, గంట కుడికుండె. వచ్చే ఆదివారం పొయ్యి తేల్చుకోవాలె. ఆయన అంత సంతోషంగా ఉండగా నేను అంతకు ముందు చూడలేదు.

ఆ సంగతి ఎప్పటికీ తేలలేదు. ఆదివారాలు చాలా వచ్చాయి, ఒకటీ చాలలేదు. ఇప్పుడు ఇద్దరూ లేరు. పడవలో నాయనమ్మ చాలా ఏళ్ళు దవనం పోసి పెట్టుకుంది. తడికి రేకు తుప్పు పట్టి, ముందు అడుగు పోయింది, తర్వాత అంచు పోయింది. పొగగొట్టం చివరిదాకా నిలిచింది. సరైన పొడవుది కదా.

ఇంటికి వచ్చి బండికి దండ వేశాను. హ్యాండిల్‌కు ఒక పక్క అందలేదు. మోచేతికి ఆనించి కొలిచాను. రెండు మూరలకు బెత్తెడు తక్కువుంది. ఆమె మోసం చేయలేదు, నాకు తెలుసు. నా చెయ్యి పెరిగింది, అంతే.

అయినా రేపు పొద్దున పోయి అడుగుతాను. ఊరికే కూర్చుని ఏం చేయాలి.